విశాఖ రేవు మీదుగా కొత్త వ్యవసాయ యంత్రాల ఎగుమతి: కర్మాగారం గేటు నుంచి ఓడ దాకా

జహీరాబాద్‌లో తయారైన కొత్త ట్రాక్టరు వికారాబాద్, సికింద్రాబాద్, కాజీపేట, విజయవాడ, దువ్వాడల మీదుగా పట్టాలపై విశాఖ చేరి, ఓడెక్కి, ఆఫ్రికాలోనో ఆగ్నేయాసియాలోనో ఒక రైతు పొలంలో దిగేలోపు ఆరేడు చోట్ల చేతులు మారుతుంది. రైలు నడుస్తున్నప్పుడు యంత్రానికి జరిగే నష్టం, నేను చూసినంతవరకు, స్వల్పమే. ర్యాంపు మీద, ఫోర్క్‌లిఫ్టు ముందు, కంటైనర్ తలుపు దగ్గర, ఒకరు అప్పగించి మరొకరు అందుకునే ఆ పావుగంటలో జరిగేదే అసలు నష్టం. అందువల్ల ఈ మార్గదర్శిలో రైలు ప్రయాణం గురించి తక్కువగా, ఆ అప్పగింతల గురించి ఎక్కువగా రాస్తున్నాను. మొదటిసారి ఎగుమతికి దిగుతున్న డీలర్లను, చిన్న తయారీదారులను, వారి దగ్గర రవాణా బాధ్యత చూసే ఉద్యోగులను దృష్టిలో పెట్టుకుని రాసినది ఇది.

1. టేపు పట్టుకుని కొలవండి

బ్రోచరులో ఉన్న ఎత్తు, వెడల్పులను నమ్మి బుకింగ్ చేయకూడదు. బయలుదేరబోయే యంత్రాన్నే, బయలుదేరబోయే స్థితిలోనే కొలవాలి. కొత్త ట్రాక్టర్ల టైర్లలో రవాణా కోసం పొలంలో వాడే దానికంటే ఎక్కువ గాలి నింపడం మామూలు. సైలెన్సర్ గొట్టం నిలువుగా ఉందా, పక్కకు ఉందా, బోల్తా పడితే డ్రైవరును కాపాడే చట్రం మడిచారా, నిలిపే ఉంచారా అన్న దాన్ని బట్టి కూడా కొలత మారిపోతుంది.

కొలత పూర్తయ్యాక దాన్ని రెండు హద్దులతో పోల్చి చూడాలి. మొదటిది కంటైనర్ హద్దు. 40 అడుగుల హైక్యూబ్ కంటైనర్ లోపల సుమారు 12.03 మీటర్ల పొడవు, 2.35 మీటర్ల వెడల్పు, 2.69 మీటర్ల ఎత్తు ఉంటుంది. అయితే తలుపు దగ్గర ఎత్తు సుమారు 2.58 మీటర్లే. మామూలు ఎత్తు కంటైనర్లో ఆ తలుపు సుమారు 2.28 మీటర్లకే ఆగిపోతుంది కనుక చక్రాలతో ఉన్న ట్రాక్టర్లు చాలావరకు అందులో పట్టవు. రెండవది రైల్వే హద్దు. మన బ్రాడ్‌గేజి మార్గాల్లో బండి, దాని మీది సరుకు కలిపి వెడల్పు 3250 మిల్లీమీటర్లు, మధ్యలో ఎత్తు 4265 మిల్లీమీటర్లు, అంచుల దగ్గర ఎత్తు 3735 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే అది ఓడీసీ, అంటే హద్దు మీరిన సరుకు అవుతుంది. దానికి ప్రత్యేక అనుమతి, వేగ పరిమితులు ఉంటాయి, కొన్ని తరగతులకు పగటిపూట మాత్రమే ప్రయాణం, వెంట సిబ్బంది తప్పవు.

ఈ లెక్క ప్రకారం వరికోత యంత్రం సంగతి కాగితం మీదే తేలిపోతుంది. కంటైనర్లు మోసే బీఎల్‌సీ వ్యాగన్ నేల పట్టాల నుంచి సుమారు 1009 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. 3.7 మీటర్ల ఎత్తున్న హార్వెస్టరును దాని మీద నిలబెడితే 4.7 మీటర్లు దాటుతుంది. గింజల తొట్టి, క్యాబిన్, గింజలు పోసే గొట్టం విప్పనిదే పెద్ద హార్వెస్టరును రైలెక్కించాలని ఆలోచించకపోవడమే మంచిది. లోబెడ్ ట్రైలరు మీద రోడ్డు మార్గాన పంపడమే దానికి సులువు. రోటవేటర్లు, నాగళ్లు, విత్తనం గొర్రులు, స్ప్రేయర్లకు ఈ బాధ లేదు. అవి హాయిగా కంటైనర్లో సర్దుకుంటాయి.

ఒక సంగతి చెప్పాలి. ఒకసారి నేను 2.56 మీటర్లని రాసుకున్న ట్రాక్టరు కంటైనర్ తలుపు కమ్మీకి సైలెన్సర్ తగిలి ఆగిపోయింది. నేను కొలిచిన తర్వాత ఎవరో టైర్లలో గాలి నింపారు, ఆ సంగతి నేను అడగలేదు. పక్కనే ఉన్న పెద్దాయన, ఎన్నో ఏళ్లుగా యార్డులో కట్లు కడుతున్నవాడు, "బాబూ, గాలి తగ్గిత్తే దూరిపోద్ది గదా" అన్నాడు. తగ్గించాం, దూరింది. అయితే అవతలి రేవులో కొనుగోలుదారు లోపలే గాలి నింపుకుని బయటికి లాగబోతే మళ్లీ అదే కమ్మీకి తగులుతుంది. అందుకని "బయటికి తీసేదాకా గాలి నింపవద్దు" అన్న కాగితాన్ని స్టీరింగుకు కట్టి పంపాం. ఇప్పుడు తలుపు దగ్గర కనీసం 5 సెంటీమీటర్ల ఎడం లేనిదే నేను బుకింగ్ చేయను.

2. వ్యాగనా, కంటైనరా?

రైల్వే వారు వాహనాలను మోయడానికి మూడు రకాల బండ్లు వాడుతున్నారు. పాత ప్రయాణికుల పెట్టెల కిటికీలు మూసి, చివర్ల తలుపులు పెట్టి మార్చిన ఎన్‌ఎంజీ పెట్టెలు మొదటి రకం. ఒక చివర ర్యాంపు వేసి బండ్లను ఒక పెట్టె నుంచి మరో పెట్టెలోకి నడిపించుకుంటూ వెళ్లవచ్చు. ఒక రేక్‌లో, అంటే ఒకే బండిగా కలిసి నడిచే పెట్టెల వరుసలో, సాధారణంగా 25 పెట్టెలుంటాయి. రెండవ రకం రెండంతస్తుల ఆటో క్యారియర్ వ్యాగన్లు. ఇవి ప్రధానంగా కార్ల ఎత్తును దృష్టిలో పెట్టుకుని కట్టినవి కనుక ట్రాక్టర్లకు పనికొస్తాయో లేదో కొలిచి తేల్చుకోవాలి. మూడవది పైన చెప్పిన బీఎల్‌సీ వ్యాగన్ల మీద కంటైనర్లు. 45 వ్యాగన్ల రేక్ మీద 20 అడుగుల కంటైనర్లు 90 వరకు వెళ్తాయి.

ఎంపికకు నా కొలమానం ఒక్కటే. ఒక రేక్‌కు సరిపడా ట్రాక్టర్లు ఒకే రోజున, ఒకే చోట సిద్ధంగా ఉంటేనే వ్యాగన్ల వైపు చూడాలి. అంతకు తక్కువైతే కంటైనరే దిక్కు. మరో కారణం కూడా ఉంది. బండ్లను నేరుగా నడిపించి ఎక్కించుకునే రో-రో ఓడల ఎగుమతి మన తూర్పు తీరంలో ప్రధానంగా చెన్నై, ఎన్నూరు రేవుల్లో స్థిరపడింది. విశాఖ నుంచి పంపేవారు ఎలాగూ చివరికి కంటైనర్లోనే పెట్టవలసి వస్తుంది కనుక, కర్మాగారం దగ్గరో హైదరాబాద్ సనత్‌నగర్‌లోని ఇన్‌ల్యాండ్ కంటైనర్ డిపోలోనో ఒకేసారి నింపి, సీలు వేసి, రైలులో విశాఖ కంటైనర్ టెర్మినల్‌కు పంపితే రెండు అప్పగింతలు తగ్గుతాయి.

50 హార్స్‌పవర్ ట్రాక్టరు పొడవు సుమారు 3.5 మీటర్లనుకుంటే 12.03 మీటర్లలో మూడు వరుసగా నిలుస్తాయి, మరో మీటరున్నర మిగులుతుంది. ఒక్కొక్కటి రెండు టన్నుల చొప్పున ఆరు టన్నులే అవుతుంది, కంటైనరేమో 26 టన్నులకు పైగా మోయగలదు. అంటే మీరు చెల్లించే కిరాయిలో చాలా భాగం గాలికి పోతుందన్నమాట. అందుకే చక్రాలు విప్పి, చట్రాల మీద అమర్చి, సగం విడదీసిన రూపంలో పంపే పద్ధతి ఎగుమతిలో పాతుకుపోయింది. అవతల బిగించగల మెకానిక్, పనిముట్లు ఉన్నాయని తేల్చుకున్నాకే ఆ పద్ధతికి ఒప్పుకోవాలి.

3. ఓడ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

షిప్పింగ్ కంపెనీ ఇచ్చే బుకింగ్ కాగితంలో ఓడ బయలుదేరే తేదీతో పాటు మూడు గడువులుంటాయి. టెర్మినల్ గేటులోకి కంటైనర్ చేరవలసిన గడువు, బరువు ప్రకటన గడువు, బిల్ ఆఫ్ లేడింగ్, అంటే ఓడ కంపెనీ సరుకుకు ఇచ్చే రసీదు, దాని వివరాలు అందించే గడువు. ఈ మూడింటిలో అన్నిటికంటే ముందున్నదే మీ అసలు తేదీ. అక్కడి నుంచి వెనక్కి వస్తూ విశాఖ యార్డుకు కొన్ని రోజులు, రైలు ప్రయాణానికి కొన్ని, రేక్ దొరకడానికి కొన్ని, నింపడానికి ఒకటి రెండు రోజులు వేసుకోవాలి. గూడ్స్ రైలుకు ప్యాసింజరు రైలులా టైంటేబుల్ ఉండదని గుర్తుంచుకుని, రైలు వాటా రోజులను ఉదారంగా వేసుకోవాలి.

అక్టోబరు, నవంబరు నెలల్లో ఇంకో వారం కలుపుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది. ఆ ఊళ్లో పనిచేసినవారెవరూ దాన్ని మరచిపోరు. తుఫాను హెచ్చరిక సంఖ్య పెరిగితే ఓడలు రేవు వదిలి సముద్రంలోకి వెళ్లిపోతాయి, క్రేన్లు ఆగిపోతాయి, మీ కంటైనర్ ఎక్కడుంటే అక్కడే ఉంటుంది.

విశాఖ నుంచి దూరదేశాలకు వెళ్లే సరుకు చాలావరకు కొలంబో, సింగపూర్, పోర్ట్ క్లాంగ్ వంటి చోట్ల మరో ఓడలోకి మారుతుంది. ఆ మార్పిడికి పట్టే రోజులను కొనుగోలుదారుకు ముందే చెప్పాలి.

4. కాగితాలు

విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) జారీచేసే ఎగుమతి-దిగుమతిదారు సంఖ్య ఐఈసీ, రేవు కస్టమ్స్‌లో నమోదైన మీ బ్యాంకు గుర్తింపు సంఖ్య ఏడీ కోడ్, జీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీపత్రం ఎల్‌యూటీ అన్నవి సరుకు కదలకముందే చేతిలో ఉండాలి. తర్వాత కస్టమ్స్ చట్టం 50వ సెక్షన్ కింద కస్టమ్స్ వారి వెబ్‌సైటు ఐస్‌గేట్‌లో షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతి ప్రకటన, దాఖలు చేయాలి, 51వ సెక్షన్ కింద అధికారి ఎగుమతికి అనుమతి ఇస్తారు. ఈ అనుమతినే అందరూ ఎల్‌ఈఓ అంటారు. లోతట్టు డిపోలో సీలు వేస్తే ఈ పని అక్కడే పూర్తవుతుంది. విశాఖలో నింపితే విశాఖ కస్టమ్స్ హౌస్ పరిధిలో, ఐఎన్‌వీటీజడ్1 అన్న స్థలసంకేతం కింద జరుగుతుంది. ఈ రెండింటిలో ఏదన్నది మొదటే తేల్చుకోకపోతే బిల్లు మళ్లీ మొదటి నుంచి వేయవలసి వస్తుంది.

సరుకు వర్గీకరణలో పొరపాటు రాకూడదు. కస్టమ్స్ సుంకాల పట్టికలో ట్రాక్టర్లు 8701 కిందికి, నేల దున్నే పరికరాలు, రోటవేటర్లు, విత్తే యంత్రాలు 8432 కిందికి, కోత, నూర్పిడి యంత్రాలు 8433 కిందికి, స్ప్రేయర్లు 8424 కిందికి వస్తాయి. ట్రాక్టరుతో పాటు రోటవేటరు పంపుతుంటే రెండింటినీ ఇన్వాయిసులో వేర్వేరు వరుసల్లో చూపాలి. ప్రతి యంత్రం ఛాసిస్ సంఖ్యను, ఇంజన్ సంఖ్యను ప్యాకింగ్ లిస్టులో రాసి, ఒక మనిషి చదువుతుండగా మరో మనిషి యంత్రం మీది పలకతో సరిచూడాలి. ఒక్కరే చదివి ఒక్కరే చూసుకుంటే 8, 3 తారుమారవుతాయి.

అమ్మకం షరతు గురించి ఒక మాట. కంటైనర్ సరుకుకు ఎఫ్‌ఓబీ (ఓడ మీద అప్పగింత) కంటే ఎఫ్‌సీఏ (రవాణాదారుకు అప్పగించడంతో మీ నష్టభయం తీరే షరతు) మేలు. ఎఫ్‌ఓబీలో ఓడ మీదికి చేరేదాకా నష్టభయం మీదే. టెర్మినల్లో కంటైనర్ మీ కళ్లకు కనబడని రోజులకూ మీరే బాధ్యులవుతారు.

5. యంత్రాన్ని సిద్ధం చేయడం

ట్యాంకులో ఎక్కించడానికి, దించడానికి సరిపడా డీజిలు మాత్రమే ఉంచాలి. ఎక్కడా కారుతూ ఉండకూడదు. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, కొసకు టేపు చుట్టాలి. సముద్ర రవాణా నియమాల ప్రకారం వాహనాలు ప్రమాదకర సరుకుల పట్టికలో యూఎన్ 3166 కింద ఉంటాయి. డీజిలుకు కొన్ని షరతుల మీద మినహాయింపు ఉంది. ఆ షరతుల్లో ఈ రెండూ ముఖ్యమైనవి కనుక వీటికి ఫొటో సాక్ష్యం ఉంచుకోవాలి. తాళాలను యంత్రం సంఖ్య రాసిన బిళ్లతో కట్టి, ఒకటి యంత్రంతో, ఒకటి కాగితాలతో పంపాలి.

పెయింటు లేని ఇనుప భాగాలకు, ముఖ్యంగా పీటీఓ షాఫ్టుకు, హైడ్రాలిక్ కడ్డీలకు గ్రీజు గాని తుప్పు నివారిణి గాని పూయాలి. విశాఖ గాలిలో ఉప్పుంటుంది. దానికి తోడు రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం, గంధకం, ఎరువులు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. ఎర్రటి కొత్త బానెట్ మీద రెండు రాత్రుల్లో నల్లటి పొర పేరుకుంటుంది. దాన్ని పొడిగుడ్డతో తుడవకూడదు, ఆ ధూళి గరుకు కాగితంలా పనిచేసి పెయింటును గీరేస్తుంది. నీళ్లతో కడిగి, ఆరబెట్టి, అప్పుడే కప్పాలి.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాలు యంత్రాల మీద మట్టి, విత్తనాలు, పురుగుల విషయంలో చాలా కఠినంగా ఉంటాయి. మన యార్డుల్లో బియ్యం నింపి తిరిగిన కంటైనర్లుంటాయి. నేల పలకల సందుల్లో మిగిలిన గింజల్లో ఖాప్రా పురుగు దాగే అవకాశం ఉంది. ఆస్ట్రేలియా దాని కోసం మన దేశాన్ని ప్రత్యేకంగా గమనిస్తుంది. ఆ దేశాలకైతే ధాన్యం మోసిన పెట్టెను తిరస్కరించడమే మేలు.

6. ఎక్కించడం, కట్టడం

కంటైనర్ అందగానే లోపలికి వెళ్లి, బయటి మనిషిని తలుపులు మూయమనాలి. చీకట్లో రెండు నిమిషాలు నిలబడితే పైకప్పులో చిన్న చిల్లున్నా చుక్కలా మెరుస్తుంది. వాన నీరు దిగే దారి అదే. చుక్క కనబడితే పెట్టె మార్చమని అడగండి, మొహమాటపడవద్దు.

వ్యాగన్ల దగ్గర అంతకంటే ముఖ్యమైనది తలమీది తీగ. రైల్వే విద్యుత్ తీగలో 25 వేల వోల్టులుంటాయి, అది పట్టాల నుంచి సుమారు 5.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చదును వ్యాగన్ నేల 1.2 మీటర్లు, బానెట్ 1.5 మీటర్లు, దానిమీద నిలబడిన మనిషి 1.7 మీటర్లు, మొత్తం 4.4. తీగకు మిగిలింది 1.1 మీటర్లు. ఉండవలసిన కనీస దూరం 2 మీటర్లు. తాడు విసరడానికి ఆ మనిషి చేయెత్తితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. తీగ కింద ఎవరూ యంత్రం పైకి ఎక్కకూడదు, క్రేను వాడకూడదు. తీగలేని సైడింగ్ దొరకకపోతే, రైల్వే సిబ్బంది కరెంటు ఆపి, తీగను భూమికి కలిపి, రాతపూర్వకంగా అనుమతి ఇచ్చాకే పని మొదలుపెట్టాలి.

కట్ల విషయంలో కొత్తవారు చేసే పొరపాటు ఒకటుంది. లారీకి కట్టినట్టే రైలుకు, రైలుకు కట్టినట్టే ఓడకు కడతారు. రైలులో తోపు ముందువెనకలకు వస్తుంది, షంటింగ్‌లో పెట్టెలు ఒకదానికొకటి తగిలినప్పుడు మరీ ఎక్కువ. ఓడలో తోపు పక్కలకు వస్తుంది. కంటైనర్ సరుకు కోసం అంతర్జాతీయంగా పాటించే నియమావళి ప్రకారం గట్టి సముద్రాల్లో అది సరుకు బరువులో 80 శాతం దాకా లెక్కించుకోవాలి. అంటే రెండు టన్నుల ట్రాక్టరును పక్కకు 1.6 టన్నుల బలంతో తోస్తున్నట్టు. విశాఖకు వెళ్లే పెట్టె ఈ రెండు ప్రయాణాలూ చేస్తుంది కనుక నాలుగు మూలల నుంచి ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటేలా కట్టాలి. కట్టు ఇరుసుకో, చట్రానికో, తయారీదారు చూపిన కొక్కేనికో పడాలి. స్టీరింగు కడ్డీకి, హైడ్రాలిక్ గొట్టాలకు, మడ్‌గార్డుకు ఎన్నడూ కట్టకూడదు. గేరు, పార్కింగ్ బ్రేకు ఏ స్థితిలో ఉంచాలో తయారీదారు పుస్తకం చెప్పినట్టే చేయాలి.

గాలి టైర్ల మీద నిలిచిన యంత్రం కట్టిన తర్వాత కొంచెం కిందికి కుదురుకుంటుంది, కట్టు వదులవుతుంది. లారీ డ్రైవరు దారిలో ఆగి బిగించగలడు, రైలులో ఆ వీలు లేదు. సాయంత్రం కట్టి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే మళ్లీ బిగించి సీలు వేయడం నేను పాటించే పద్ధతి.

చక్రాల కింద పెట్టే చెక్కలకు కూడా, చెక్కలో పురుగులు దేశం దాటకుండా పెట్టిన అంతర్జాతీయ నియమం ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి. చెక్క నడిబొడ్డు దాకా 56 డిగ్రీల వేడిని 30 నిమిషాలు పట్టించారనో, ఆమోదించిన మరో పద్ధతిలో శుద్ధి చేశారనో ఆ గోధుమకంకి గుర్తు చెబుతుంది. యార్డులో పడివున్న ముక్క ఒక్కటి వాడితే చాలు, అవతలి రేవులో పెట్టె మొత్తం ఆగుతుంది.

7. దారిలో

డిమాండ్ నమోదు, వ్యాగన్ల కేటాయింపు, రైలు ఎక్కడుందన్న సమాచారం అన్నీ రైల్వే వారి ఎఫ్‌ఓఐఎస్ వ్యవస్థలో కనిపిస్తాయి. రోజుకు రెండుసార్లు చూస్తే చాలు. రైల్వే రసీదు, అంటే ఆర్‌ఆర్, చేతికి రాగానే దాని మీద "సెడ్ టు కంటైన్" అని ఉందో లేదో చూడాలి. రైల్వే సిబ్బంది లెక్కించకుండా ఎక్కించిన సరుకుకు ఆ మాట పడుతుంది. తర్వాత లెక్క తగ్గిందని నిరూపించవలసిన భారం అప్పుడు మీదే.

8. విశాఖలో అందుకోవడం

విశాఖ రేవుకు సొంత రైల్వే ఉంది. పెద్ద రైల్వే నుంచి పోర్టు రైల్వేకు బండి మారే చోట కూడా కొన్ని గంటలు పడుతుంది, తొందరపడి ఫోన్లు చేసి ప్రయోజనం లేదు. సీలువేసిన కంటైనరైతే టెర్మినల్లో దిగుతుంది, మీ పని సీలు సంఖ్య సరిచూడటమే.

వ్యాగన్లలో వచ్చిన యంత్రాల సంగతి వేరు. ఇచ్చిన ఉచిత గడువు దాటితే వ్యాగన్‌కు డెమరేజ్, ఆ తర్వాత షెడ్డులో ఉన్న సరుకుకు వార్ఫేజ్ అనే ఆలస్య రుసుములు పడతాయి. అందుకని రేక్ దువ్వాడ దాటకముందే డ్రైవర్లు, బ్యాటరీ జంపర్ తీగలు, ఎయిర్ కంప్రెసర్, ట్రైలర్లు సిద్ధంగా ఉంచుకోవాలి. రిజిస్ట్రేషన్ లేని కొత్త ట్రాక్టరును దగ్గరే కదా అని రోడ్డు మీద నడిపించుకుని వెళ్లకూడదు, ట్రైలరు మీదే తీసుకెళ్లాలి.

దించేటప్పుడు ప్రతి యంత్రానికి ఆరు ఫొటోలు తీయించండి: నాలుగు వైపులు, గంటల మీటరు, ఛాసిస్ పలక. స్థితిపత్రం మీద దించినవారు, అందుకున్నవారు ఇద్దరూ అక్కడే సంతకం చేయాలి. ఒకప్పుడు చీకటి పడుతోందని నేను ఖాళీ పత్రం మీద సంతకం చేసి ఇచ్చాను. మర్నాడు హెడ్‌లైటు పగిలిన ట్రాక్టరుకు కూడా ఆ పత్రంలో "బాగుంది" అనే రాసివుంది. ఆ హెడ్‌లైటు డబ్బు నా జేబులోంచే పోయింది.

నింపిన కంటైనర్ మొత్తం బరువును ధ్రువీకరించి ప్రకటించడం 2016 జూలై 1 నుంచి అంతర్జాతీయంగా తప్పనిసరి. దీన్నే వీజీఎం అంటారు. పెట్టెను కాటా వేయవచ్చు, లేదా యంత్రాలు, చెక్కలు, కట్లు, ఖాళీ పెట్టె బరువులను విడివిడిగా కూడవచ్చు. రెండవ పద్ధతిలో చెక్కల బరువు మరచిపోవడం చాలామంది చేసే పొరపాటు.

9. దెబ్బ తగిలితే, ఓడ వెళ్లిపోయాక

బీమా కర్మాగారం గోదాము నుంచి కొనుగోలుదారు గోదాము దాకా ఉండాలి, రైలు భాగం, యార్డు నిల్వ రోజులు అందులో ఉన్నాయో లేదో పాలసీ చదివి తేల్చుకోవాలి. రైలులో నష్టం జరిగితే 1989 నాటి రైల్వే చట్టం 106వ సెక్షన్ ప్రకారం సరుకును రైల్వేకు అప్పగించిన నాటి నుంచి ఆరు నెలల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. బీమా సర్వేయరు వచ్చేదాకా పగిలిన భాగాన్ని కదపకూడదు, కడగకూడదు.

ఓడ కదిలిన తర్వాత షిప్పింగ్ లైను దాఖలు చేసే ఓడ సరుకు జాబితా ఈజీఎంలో మీ షిప్పింగ్ బిల్లు సంఖ్య, కంటైనర్ సంఖ్య సరిగా చేరాయో లేదో ఐస్‌గేట్‌లో చూడాలి. అందులో ఒక్క అంకె తప్పినా డ్రాబ్యాక్ (ఎగుమతిదారుకు తిరిగొచ్చే సుంకం), పన్ను వాపసు అక్కడే ఆగిపోతాయి. ఓడ వెళ్లిన వారంలోపే చూసుకుంటే సవరణ సులువు, ఆరు నెలల తర్వాత గుర్తొస్తే అదే పనికి కస్టమ్స్ హౌస్ మెట్లు చాలాసార్లు ఎక్కవలసి వస్తుంది.